బొమ్మ చెప్పిన బదులు: ఆల్బెర్ ఉదెర్జో, రెనే గొసినీల సహరచన



ఎవరి స్మృత్యర్థము ఈ ఉపన్యాసము ఏటేట జరుగుచున్నదో ఆ చిత్రలేఖనోపాధ్యాయులు, బడిపని ముగిసిన పిమ్మట, రాత్రివేళల మేలుకొని పిల్లల పత్రికలకు బొమ్మలు గీచి పంపెడివారు. కథ వ్రాసినవారి పేరు పెద్ద అక్షరములలో అచ్చుపడెడిది. బొమ్మ గీచినవారి పేరు పడినప్పుడు పడెడిది, పడనప్పుడు లేదు. అట్టివారి పేర ఏర్పడిన వేదికపై మాటాడుమని పెద్దలు నన్ను ఆజ్ఞాపించినప్పుడు, బొమ్మల కథనే జీవితవృత్తిగా గైకొని, ఒక రచయితతో ఇరువదియాఱు సంవత్సరములు కలసి పనిచేసి, ఆ రచయిత గతించిన తరువాత మఱి ముప్పదియేండ్లకు పైగా ఒంటిగా ఆ భారమును మోసిన ఒక చిత్రకారుని గూర్చి ప్రసంగించుట ఉచితమని తోచినది. ఆయన ఫ్రాన్సు దేశీయుడైన ఆల్బెర్ ఉదెర్జో. ఆ రచయిత రెనే గొసినీ. వారిరువురి మానసపుత్రుడు ఆస్టెరిక్స్.

నేడు నేను ప్రతిపాదింపదలచిన విషయ మొక్కటే. చిత్రకథయందు బొమ్మను మాటకు తొడిగిన ఆభరణముగా భావించుట మనకు అలవాటు. నిజమునకు బొమ్మ మాటకిచ్చు బదులు. రచయిత ఒకటి అనును. చిత్రకారుడు తన రేఖతో దానికి బదులు చెప్పును. ఆ బదులు విని రచయిత తన తరువాతి మాటను మార్చుకొనును. ఈ సంభాషణము సాగినంతకాలము కృతి సజీవము. ఒకరు మాటాడుట మానినప్పుడు, రెండవవాని శక్తి ఎంతటిదైనను, కృతికి ఏదియో కొఱవడును. ఉదెర్జో జీవితము ఈ సత్యమునకు రెండు విధములుగను, అనగా సహచరుడున్న కాలమునను లేని కాలమునను, సాక్ష్యము చెప్పుచున్నది గనుక దానిని ఎన్నుకొంటిని. బొమ్మల కథ ఉపన్యాసయోగ్యమగు విషయమా అని సందేహించువారు ఈ సభలో ఉందురని నేననుకొనను. ఉన్నయెడల, వందకు పైగా భాషలలోను మాండలికములలోను వెలసి, ముప్పదియేడు కోట్ల ప్రతులకు పైబడి అమ్ముడుపోయిన పుస్తకశ్రేణిని విమర్శకుడు చూడనట్లు నటించుట విమర్శకు గౌరవము కాదని మాత్రము మనవి చేయుదును.

ఉదెర్జో 1927 ఏప్రిల్ 25వ తేదీన, ఫ్రాన్సు ఈశాన్యభాగమున మార్న్ ప్రాంతములోని ఫీమ్ అను చిన్న పట్టణమున జన్మించెను. తల్లిదండ్రులు ఇటలీనుండి పొట్ట చేతబట్టుకొని వలస వచ్చినవారు. పుట్టుకతో ఆ శిశువునకు చేతికి ఆఱేసి వ్రేళ్లుండగా, వైద్యులు శస్త్రచికిత్స చేసి అదనపు వ్రేళ్లను తొలగించిరి. కొంత పెరిగిన పిమ్మట బయటపడిన లోపము మఱొకటి కలదు: ఆయనకు కొన్ని రంగుల భేదము తెలియదు. కోట్లకొలది బాలబాలికలకు రంగుల పుస్తకములను అందింపనున్నవాడు వర్ణాంధుడగుట విధివిలాసమని సరిపుచ్చుకొనవచ్చును గాని, ఆయన శిల్పమును పరిశీలించినవారికి ఇందొక కారణకార్యసంబంధము కానవచ్చును. రంగును నమ్మరానివాడు రేఖను నమ్మెను. ఆస్టెరిక్స్ పుట నేదైనను తీసికొని రంగులు లేకుండ చూచినచో, కోపము, ఆశ, కపటము, ఆకలి, సమస్తమును నల్లని గీత యొక్క లావు సన్నములలోనే పూర్తిగా పలుకుచుండును. రంగు వచ్చి చేర్చునది హాయి మాత్రమే. రంగుల పనిలోను సిరా దిద్దుటలోను తమ్ముడు మార్సెల్ ఆయనకు చాలకాలము చేదోడుగా నుండెను.

ఆయన కళాశాలలో చిత్రకళ అభ్యసించినవాడు కాడు. రెండవ ప్రపంచయుద్ధము దేశమును ముంచెత్తిన 1940లో, పదమూడేండ్ల ప్రాయమున, పారిస్‌లో పిల్లల పత్రికలను ప్రకటించెడి ఒక ప్రచురణసంస్థయందు పనికుఱ్ఱవాడుగ చేరి, అక్షరములు దిద్దుటయు బొమ్మలకు మెఱుగులు పెట్టుటయు అచ్చటనే నేర్చెను. మఱుసటి సంవత్సరము ఆయన మొదటి బొమ్మ అచ్చయ్యెను. అది కాకి నక్కల నీతికథకు హాస్యానుకరణము. జర్మను సేనల యాక్రమణకాలమున కొంత తడవు అన్నతో కూడ బ్రిటనీ తీరప్రాంతమున తలదాచుకొనెను. ఆ సముద్రతీరము, ఆ రాతిగుట్టలు, ఆ పల్లెలు ఆ బాలుని కంట అచ్చుగ్రుద్దినట్లు నిలిచి, సుమారు ఇరువదియేండ్ల తరువాత ఒక కథకు నేలగా మారుటను మనము చూడనున్నాము. యుద్ధము ముగియగానే ఆయన ఆరిస్ బక్, బెలోయ్ అను మహాబలశాలులైన వీరులను గీయసాగెను. కండలు తిరిగిన దేహములపై ఆయనకు గల మక్కువ తరువాతి కథకు ముఖ్యము గనుక దీనిని జ్ఞాపకమునందుంచుకొనవలెనని ప్రార్థన.

గొసినీ దారి వేఱు. ఆయన 1926 ఆగస్టు 14న పారిస్‌లో, తూర్పు ఐరోపానుండి వచ్చిన యూదు కుటుంబమున పుట్టెను. రెండేండ్ల పసివాడై యుండగానే, రసాయనిక ఇంజనీరైన తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబము అర్జెంటీనాలోని బ్యూనస్ ఐర్స్‌కు తరలిపోయెను. అచ్చటి ఫ్రెంచి పాఠశాలలో చదివి, తన దేశమును గూర్చి పరదేశమున కూర్చుండి ఊహించుట నేర్చెను. పదునేడేండ్లకే తండ్రి గతింపగా చిన్న ఉద్యోగములు చేసి, 1945లో తల్లితో న్యూయార్కు చేరి, చేతిలో చిల్లిగవ్వ లేని దినములు గడపి, అచ్చట హార్వీ కర్ట్జ్‌మన్ ప్రభృతులైన హాస్యచిత్రకారుల స్నేహము సంపాదించెను. గొసినీ మొదట చిత్రకారుడు కాగోరినవాడే. గీచెను, తనకంటె బాగుగ గీయువారు కలరని గ్రహించి కుంచెను ప్రక్కన పెట్టెను. కాని ఒకనాడు కుంచె పట్టిన చేయి గనుక, ఏది గీయవచ్చునో, ఏది గీయుట చిత్రకారునకు ప్రాణాంతకమో, ఏ నవ్వు బొమ్మకు విడిచిపెట్టవలెనో ఏ నవ్వు మాటలో ఉంచుకొనవలెనో ఆయనకు తెలిసినంతగ ఆ కాలపు కథకులలో వేఱొకరికి తెలియలేదు.

ఈ ఇరువురును 1951లో, పారిస్‌లో శాఖ గల వరల్డ్ ప్రెస్ అను బెల్జియను సంస్థ కార్యాలయమున కలిసికొనిరి. ఒకరికి ఇరువదినాలుగు, ఒకరికి ఇరువదియైదు సంవత్సరముల వయస్సు. ఇద్దరును వలసకుటుంబముల బిడ్డలు. ఇద్దరికిని అమెరికా దేశపు బొమ్మల కథలపై మోజు. ఇద్దరికిని చేతినిండ పని కలదు గాని జేబునిండ డబ్బు లేదు. జెహాన్ పిస్తొలే అను ఓడదొంగల కథ, లూక్ జూనియర్ అను బాలవిలేఖరి కథ, ఊంపా-పా అను ఎఱ్ఱయిండియను యువకుని కథ వరుసగా వారి చేతులమీదుగ వెలువడెను. ఈ కథలలో పేర్కొనదగినది ఊంపా-పా: 1951లోనే ఊహింపబడియు, ప్రకాశకులు దొరకక, 1958లో గాని తెంతెన్ పత్రికలో వెలుగు చూడలేదు. ఏడేండ్లు పెట్టెలో పడియున్న కథను విడువకుండుట జంటరచనకు తొలి పరీక్ష.

రెండవ పరీక్ష 1956లో వచ్చెను. ఆనాడు బొమ్మల కథల రచయితలకును చిత్రకారులకును హక్కులనునవి లేవు. పుట ఇచ్చి పైకము పుచ్చుకొని పోవుటయే. గీచిన పుటపైనను పాత్రపైనను వారికి అధికారము లేదు. గొసినీ, ఉదెర్జో, వారి మిత్రుడును రచయితయు నైన జాన్-మిషెల్ షార్లియే, మఱికొందఱు కలసి ఈ వృత్తిలోనివారి హక్కులకై ఒక పత్రమును సిద్ధము చేయ తలపెట్టిరి. యజమానికి ఈ వార్త చేరినది; నాయకుడని ఎంచి గొసినీని పనినుండి తొలగించిరి. ఉదెర్జోకును షార్లియేకును ఎవరును పొమ్మని చెప్పలేదు. మిత్రుడు లేని చోట తామును ఉండమని వారు తమంత తామే వెడలివచ్చిరి. చిరకాల సహరచన అనగా అభిరుచుల సామ్యము, చమత్కారముల వినిమయము అని మనము తలచుదుము. అది సగము మాత్రమే. ఉద్యోగము పోయిన మిత్రుని వెంట నడచి వచ్చుట మిగిలిన సగము. ఉదెర్జో బొమ్మలకు గల తెగువ మొదట ఆయన నడకలో కనబడినది.

వీధిలో పడిన ఈ మిత్రబృందము స్వంతముగ చిన్న సంస్థలు నడపుచు, 1959లో పిలోత్ అను బాలుర వారపత్రికను ఆరంభించు యత్నమునకు తోడ్పడెను. పత్రికకు శుద్ధముగ ఫ్రెంచి సంస్కృతికి చెందిన ఒక హాస్యకథ కావలెను. ఇరువురును పూర్వపు జానపద కావ్యమైన నక్క కథను ఎన్నుకొని పని మొదలిడగా, దానిని మఱొక చిత్రకారుడు ఇంతకుముందే చేసియున్నాడని తెలిసినది. గడువు వారములలోనికి వచ్చినది. పారిస్ శివారు బొబినీలోని ఉదెర్జో ఇంట, వేసవి మధ్యాహ్నమున కూర్చుండి, ఫ్రాన్సు చరిత్రలోని యుగములను మొదటినుండి వరుసగ చెప్పుమని గొసినీ అడిగెను. ఉదెర్జో ఆదిమానవునితో ఆరంభించి గాలులవద్దకు వచ్చెను. గాలులు రోమను సామ్రాజ్యమునకు లొంగిపోయిన ప్రాచీన జాతి. ఫ్రెంచి పిల్లలు పాఠ్యపుస్తకములలో మొదట చదివెడి పూర్వులు. అచ్చటనే ఇద్దరును ఆగిరి. క్రీస్తునకు పూర్వము 50వ సంవత్సరమున, సీజరు జయించిన దేశములో జయింపబడని ఒక్క పల్లె, దివ్యమైన కషాయము కాచెడి ఒక వృద్ధుడు, దానిని త్రాగి రోమను సైనికులను చావమోదెడి పల్లీయులు: ఈ కథాబీజమునకు కొలది గంటలకు మించి పట్టలేదని వారిరువురును తరువాత పలుమారులు చెప్పుకొనిరి.

ఇప్పుడు నా ప్రతిపాదనకు మొదటి నిదర్శనము. వీరుడు పొట్టివాడును వికారరూపుడును కావలెనని, బుద్ధియే వాని బలము కావలెనని గొసినీ కోరెను. బలశాలులను గీచుటకు అలవాటుపడిన ఉదెర్జో మొదట ఆజానుబాహువైన గాలును గీచియుండెను. రచయిత మాటకు ఆయన తలయొగ్గెను; పొట్టివానిని గీచెను. కాని ఊరకుండలేదు: ఆ పొట్టివాని ప్రక్కన, ఎవరును అడుగకయే, కొండవంటి బొజ్జగల ఒక స్నేహితుని నిలబెట్టెను. వాడే ఒబెలిక్స్. మొదటి కథలో వానికి చేయవలసిన పని లేదు. పెద్ద రాతికంబములను మోసికొనిపోవుచు అక్కడక్కడ కనబడుట తప్ప వాని ఉనికికి కారణము లేదు. గొసినీ ఆ బొమ్మను చూచి, దానిలోని అవకాశమును గ్రహించి, రెండవ కథనుండి వానిని వీరునకు సహచరునిగా చేసి, చిన్నతనమున కషాయపు కాగులో పడిన కారణమున శాశ్వతబలుడైనవాడు గనుక వానికి మఱి కషాయము దొరకదను ఆ అమరమైన హాస్యసూత్రమును అల్లెను. చిత్రకారుని మొండితనమునుండి పాత్ర పుట్టినది; రచయిత ఔదార్యమువలన పెరిగినది. కథాస్థలమును నిర్ణయించుటయు ఇట్లే జరిగినది. ప్రయాణముల సౌకర్యమునకై పల్లె సముద్రతీరమున నుండిన చాలునని గొసినీ చెప్పి విడిచెను. యుద్ధకాలమున తలదాచుకొన్న బ్రిటనీ తీరమును ఉదెర్జో తెచ్చి ముందిడెను.

1959 అక్టోబరు 29న పిలోత్ తొలి సంచిక వెలువడెను. 1961లో మొదటి కథను ఆరువేల ప్రతుల పుస్తకముగ అచ్చొత్తించిరి. ఆ దశాబ్దము ముగియకమునుపే ఒక్కొక్క క్రొత్త పుస్తకము పదిలక్షల ప్రతులను దాటసాగెను. 1965 నవంబరు 26న ఫ్రాన్సు తన మొదటి కృత్రిమ ఉపగ్రహమును ఆకాశమునకు పంపి దానికి ఆస్టెరిక్స్ అను పేరిడెను. ఆకాశము తమ తలలపై విఱిగి పడునను భయము తప్ప వేఱు భయమెఱుగని పల్లెవాని పేరు ఆకాశమునకే ఎక్కుట గొసినీకి నచ్చియుండవలెను.

ఇక వారి పనివిధానము. ముందుగా ఇరువురును కూర్చుండి కథను మాటాడుకొనెడివారు. పిమ్మట గొసినీ టైపుయంత్రముపై, గడి గడికిని బొమ్మలో ఏమి కావలెనో ఒక ప్రక్కను, పాత్రలు పలుకవలసిన మాటలు మఱొక ప్రక్కను వ్రాసి, నలుబదినాలుగు పుటల కథను సంపూర్ణముగ అందజేసెడివాడు. ఉదెర్జో ఆ కాగితములను ముందుంచుకొని పెన్సిలుతో గీచి, కుంచెతో సిరా దిద్దెడివాడు. ఆస్టెరిక్స్ క్లియోపాత్రాల కథ పుస్తకముగ 1965లో వెలువడినప్పుడు, ఆ కాలపు భారీ చలనచిత్రముల ప్రకటనలను వెక్కిరించుచు, దాని అట్టపై ఈ గ్రంథమునకు ఖర్చయిన సామగ్రి పట్టికను అచ్చువేసిరి: 14 లీటర్ల సిరా, 30 కుంచెలు, 62 మెత్తని పెన్సిళ్లు, 27 రబ్బరుముక్కలు, వానితో పాటు టైపుయంత్రపు రిబ్బనులు 16, టైపుయంత్రములు రెండు. ఇది పరిహాసమే. కాని కుంచెయు టైపుయంత్రమును ఒకే జాబితాలో సరిసమానముగ నిలుచుట చూడుడు. కృతి ఎవరిదని అడుగువారికి ఆ అట్టయే సమాధానము.

బొమ్మ బదులు చెప్పుట యననేమో ఒక పుట విప్పి చూపవలెనన్నచో, గాలుదేశయాత్ర అను పుస్తకమును చూపుదును. లుటేషియా నగరమున ఆస్టెరిక్స్ ఒబెలిక్సులు మాంసపు దుకాణములోనికి పోవుదురు. గుమ్మమువద్ద చిన్న తెల్లకుక్క కూర్చుండియుండును. వారు బయటికి వత్తురు; కుక్క లేచి వెంటబడును. ఆ గడినుండి దేశమెల్ల తిరిగి వచ్చువఱకును, గడి తరువాత గడిలో, బండి వెనుక, ఓడ అంచున, పోట్లాటల నడుమ, ఆ కుక్క తోకయెత్తి పరుగెత్తుచునే యుండును. కథలో ఒక్క పాత్రయు దాని మాటెత్తదు, ఒక్క వాక్యమును దానిని చూడదు. మాటలు చదువు పెద్దవాడు కథను చదువును. బొమ్మలు చూచు పిల్లవాడు రెండు కథలు చదువును. చివరి విందు వేళకు గాని అది ఒబెలిక్స్ కంట బడలేదు. పాఠకులు ఆ కుక్కను విడువనీయలేదు. పత్రికలో పోటీ పెట్టి పాఠకులచేతనే దానికి ఇదేఫిక్స్ అని పేరు పెట్టించిరి. తరువాత గొసినీ దానికొక స్వభావము కల్పించెను: చెట్టును పెకలించిన చూడలేక అది ఏడ్చును. దేవతల నివాసము అను కథలో, రోమనులు అడవిని నఱికి భవనములు కట్టు సందర్భమున, ఈ ఏడుపు కథకు ఇరుసయ్యెను. మూలన గీచిన కుక్క కొన్నేండ్లకు కథను నడపెను.

విద్వత్తునందును ఈ జంట ఇట్లే ఆడుకొనెను. సైనికుడైన ఆస్టెరిక్స్ కథలో ఓడ మునిగిన దొంగలు తెప్పపై కూలబడు ఘట్టమున, ఉదెర్జో లూవ్ర్ ప్రదర్శనశాలలోని జెరికో మహాచిత్రమగు మెడ్యూసా తెప్పను గడిలో యథాతథముగ పునర్నిర్మించి చూపెను. శవములు, చాచిన చేతులు, దూరమున ఆశ, అన్నియు ఉన్నవి. విషాదము మాత్రము నవ్వుగా మారినది. ఆ దొంగలు సైతము షార్లియే వ్రాసి యూబినొన్ గీచిన మఱొక గంభీరమైన ఓడదొంగల కథకు హాస్యప్రతిబింబములు. రెండు కథలును అదే పిలోత్ పత్రికలో వచ్చుచుండెను. 1976నాటి ఒబెలిక్స్ కంపెనీ కథలో రాతికంబములకు గిరాకి సృష్టించి పల్లెను ధనాశలో ముంచు యువ ఆర్థికవేత్తకు ఫ్రెంచి రాజకీయనాయకుడైన జాక్ షిరాక్ ముఖమును పెట్టినది ఉదెర్జో చేయి. సరకు, ప్రకటన, అతివ్యాప్తి, పతనము అను అర్థశాస్త్రపాఠమును నలుబదినాలుగు పుటలలో చెప్పినది గొసినీ బుద్ధి.

గొసినీ ఒక్క ఉదెర్జోతోనే పనిచేయలేదు. మొరీస్‌తో లక్కీ లూక్ అను గుఱ్ఱపురౌతు కథలను, తబారీతో ఇజ్నొగూద్ అను దుష్టమంత్రి కథలను, సాంపేతో నికొలా అను బాలుని కథలను వ్రాసెను. ఆస్టెరిక్స్‌తో కూడ ఆ నాలుగును నాలుగు లోకములు: సాంపే సన్నని గీతలకు పసివాని దీర్ఘశ్వాసపు వాక్యములు, మొరీస్ పొదుపైన గడులకు పొదుపైన మాటలు, ఉదెర్జో సమృద్ధికి జనసమూహములు, విందులు, కుమ్ములాటలు. ఉదెర్జోయు అట్లే. పిలోత్ తొలి సంచికలోనే ఆస్టెరిక్స్‌తో పాటు, షార్లియే వ్రాసిన తాంగీ లవర్దూర్ అను యుద్ధవిమానచోదకుల కథను ఆయనయే గీచెను. ఒకే వారమున, ఒకే బల్లపై, ఒకే చేయి ముక్కు బుఱ్ఱయంత గల గాలులను, ఒక్క మఱయైనను తప్పని జెట్ విమానములను గీచినది. ఆస్టెరిక్స్ భారము పెరుగగా ఆ విమానకథను 1966 ప్రాంతమున జిజే అను చిత్రకారునకు అప్పగించెను. ఏ రచయితకు బదులు చెప్పుచున్నదో దానినిబట్టి చిత్రకారుని రేఖ మారును. ప్రతిభ ఒకనిది కావచ్చును. శైలి మాత్రము ఇద్దఱి నడుమ పుట్టును.

1977 నవంబరు 5న, హృదయపరీక్ష జరుగుచుండగా, గొసినీ హఠాత్తుగ మరణించెను. వయస్సు ఏబదియొక్కటి. బెల్జియము దేశమున ఆస్టెరిక్స్ అను ఇరువదినాలుగవ కథను గొసినీ పూర్తిగా వ్రాసియుండెను గాని ఉదెర్జో గీయవలసిన పుటలు ఇంక మిగిలియుండెను. వానిని గీయుటకు ఆయనకు చేతులాడలేదు. ప్రకాశకులు న్యాయస్థానమున కెక్కువఱకును వ్యవహారము పోయినది. తుదకు పూర్తిచేసెను, 1979లో పుస్తకము వెలువడెను. ఆ పుస్తకమును చేతబట్టి చూచినవారికి ఒక వింత కనబడును. మొదటి భాగమున ఆకాశము నీలముగ నుండును. నడుమ ఒకచోట మేఘములు క్రమ్మి వాన ఆరంభమగును. అటుపై ఆకాశము బూడిదరంగుననే యుండును. కథలో వానకు కారణము లేదు. మిత్రుని మరణవార్త తనను చేరిన పుటయొద్ద చిత్రకారుడు వానను దింపెను. రచయిత వ్రాసిన మాటలో ఒక్కటియు మార్చక, సంతాపవాక్యమొక్కటియు చేర్చక, తన చేతిలోనున్న ఏకైక సాధనముతో ఆయన చెప్పిన కడపటి బదులు అది. చివరి పుటలలో బ్రూగెల్ వ్రాసిన పల్లెటూరి పెండ్లివిందు చిత్రమును అనుకరించి గాలులకు బెల్జియనులతో కలసి విందు పెట్టెను.

ఆ 1979లోనే ఉదెర్జో స్వంత ప్రచురణసంస్థను నెలకొల్పి దానికి తన పేరును మిత్రుని పేరును కలిపి ఆల్బెర్-రెనే అని నామకరణము చేసెను. 1980లో మహాఅగాధము అను కథను తానే వ్రాసి తానే గీచెను. అటుపై వచ్చిన పుస్తకముల అట్టలమీదను గొసినీ పేరు తన పేరుతో పాటు నిలిచియే యున్నది. ఈ ఘట్టమునొద్ద తెలుగువానికి తిరుపతి వేంకటకవులు స్ఫురింపక మానరు. 1920లో దివాకర్ల తిరుపతిశాస్త్రి గతించిన పిమ్మటను చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తన కృతులను జంటపేరుతోనే ప్రకటించెను. రెండు దేశములలో, రెండు కాలములలో, ఒకరి నొకరు ఎఱుగని ఇరువురు సహృదయులు ఒకే ధర్మమును పాటించిరి. భేదమొక్కటి కలదు. జంటకవులిద్దరి సాధనమును పద్యమే గనుక, ఏ పాదము ఎవరిదో లోకమునకు తెలియదు, తెలియనక్కరలేదు. చిత్రకథలో సాధనములు వేఱు గనుక, ఒకరు లేనిచో లేనిది ఏదియో పుటమీద కంటికి కనబడును.

అది ఏమి? ఉదెర్జో ఒంటిగ చేసిన కథలలో గీత క్షీణింపలేదు. కొన్ని పుటలు పూర్వపు పుటలకంటె సమృద్ధములు. అమ్మకములు తగ్గలేదు, పెరిగినవి. తగ్గినది అడ్డు చెప్పువాడు. 1987లో వచ్చిన రహాజాద్ కథ మన దేశమునకు సంబంధించినది: గంగాతీరమున ఒక రాజ్యమున వానలు లేక రాజపుత్రికను బలియిచ్చు గడువు దగ్గఱపడగా, గాలుల పల్లెనుండి ఎగురు తివాసీపై ఆస్టెరిక్స్ బృందము వచ్చును, పాడినచో వాన కురియునంతటి కర్ణకఠోరుడైన గాయకుడు దేశమును కాపాడును. వేయిన్నొక్క గంటల గడువు, ఎగురు తివాసీ, ఫకీరు: ఇది అరేబియను కథలనుండి ఎరువు తెచ్చికొన్న భారతదేశము. పూర్వము గొసినీ ఆంగ్లేయులను గాని స్విస్సువారిని గాని బెల్జియనులను గాని చిత్రించునప్పుడు, పరదేశీయులను గూర్చి ఫ్రెంచివారికి గల మూఢాభిప్రాయములనే మితిమీరించి, వెక్కిరింపును ఫ్రెంచివారిమీదికే త్రిప్పెడివాడు. రహాజాద్‌లో ఆ త్రిప్పుట లేదు. అందమైన మేడలు, ఏనుగులు మిగిలినవి. నేను ఆ పుస్తకమును ఇష్టపడియే చదివితిని. కాని ఈ ఇండియా ఎవరి ఊహలోనిదని అడుగు స్నేహితుడొకడు ఆ బల్లకు ఆవలి ప్రక్కన కూర్చుండియున్నచో ఎంత బాగుండెడిదోయని అనుకొనకుండ నుండలేకపోతిని. 2005లో ఆకాశమునుండి అన్యగ్రహవాసులను దింపిన కథను విమర్శకులు పెక్కురు కఠినముగ నిరసించిరి. అందులోను లోపించినది చేతిపనితనము కాదు.

ఈ సత్యము ఉదెర్జోకు తెలియకపోలేదు. ఎనుబదియేండ్లు దాటిన పిమ్మట ఆ భారమును మఱొక జంటకు, జాన్-ఈవ్ ఫెరీ రచయితగను దిదియే కొన్రాద్ చిత్రకారుడుగను, అప్పగించెను; 2013లో వారి మొదటి పుస్తకము వెలువడెను. వారసునిగా ఒక్కనిని గాక ఇరువురిని అనుమతించుట ఆయన తన జీవితానుభవముపై తాను చెప్పిన తీర్పు. 2015 జనవరిలో పారిస్‌లో హాస్యచిత్రకారులు హత్యకు గురియైనప్పుడు, ఎనుబదియేడేండ్ల ఆ వృద్ధుడు విశ్రాంతినుండి లేచి, టోపీ తీసి తలవంచిన ఆస్టెరిక్స్ ఒబెలిక్సులను గీచి పంపెను. 2020 మార్చి 24న, తొంబదిరెండేండ్ల వయస్సున, కన్నుమూసెను.

మనకును ఇట్టి జంట లేకపోలేదు. గొసినీ, సాంపేలు నికొలాను పత్రికలలో నడుపుచుండిన కాలముననే ఆంధ్రపత్రికలో ముళ్ళపూడి వెంకటరమణ బుడుగు మాటాడ మొదలిడెను. బాపు రేఖ వానికి బదులు చెప్పెను. పసివాని నోట పెద్దల లోకమును చెప్పించుట, వాక్యమును వాని ఊపిరి తీరున సాగనిచ్చుట, బొమ్మలో వానికొక నిక్కును ప్రసాదించుట, ఇవి ఒకరి నొకరు చూచి నేర్చినవి కావు. రెండు చోట్లను రచయితయు చిత్రకారుడును సరిసమానులుగ కూర్చుండుటవలన పుట్టినవి. బుడుగును తలచినవెంటనే మనకు ముందు వినబడునది మాటయా, ముందు కనబడునది బొమ్మయా అని ఎవరికివారు ప్రశ్నించుకొనిన నా ప్రతిపాదనకు వేఱు ప్రమాణ మక్కరలేదు.

2011లో ఉదెర్జో తన ఆస్టెరిక్స్ అసలు పుటలలో మూడు పుస్తకములవానిని ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయమునకు దానమిచ్చెను. అవి మొదటి కథ, బంగారుకొడవలి, వానతో కూడిన ఆ బెల్జియము కథ. ప్రాచీన తాళపత్రములును మహాకవుల వ్రాతప్రతులును ఉన్నచోట, దిద్దుబాటు తెల్లసిరాతో సహా ఆ పుటలు భద్రముగ నున్నవి. మన పిల్లల పత్రికలకు అర్ధశతాబ్దికి పైగా గీచిన చేతుల అసలు బొమ్మలు ఎచ్చటనున్నవి? పెక్కింటిని అచ్చు ముగియగానే పారవైచిరి. మిగిలినవి కుటుంబముల అటకలపై పురుగులపాలగుచున్నవి. ఈ ఉపన్యాసమును జరిపించు ధర్మనిధి నిర్వాహకులకు నా విన్నపము రెండు మాటలు. ఏటేట ఉపన్యాసము చెప్పించుటతో పాటు, మనకు చేరువనున్న చిత్రకారుల ఇండ్లకు పోయి అసలు బొమ్మలను సేకరించి, గీచినవారి పేరును, వ్రాసినవారి పేరును, తేదీతో సహా వ్రాసి గ్రంథాలయమున నిలుపుడు. ఇకపై బొమ్మల పుస్తకమును ప్రచురించువారెవరైనను సహాయము కోరి వచ్చినచో, అట్టపై ఇద్దఱి పేర్లును ఒకే కొలత అక్షరములలో వేయుదురేని సహాయము చేయుడు, లేనిచో వలదు. ఏ మహనీయుని పేర ఈ సభ జరుగుచున్నదో వారికి ఇంతకంటె తగిన స్మారకము నాకు తోచుట లేదు.